చెల్లి వంతు

నాన్నా,

ఇంటర్‌లో చేరిన రోజే మీ నాన్న నీకు కొత్త ఫోన్ కొనిచ్చారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. కాలేజీ నోట్సు గ్రూపులో వస్తుంది, అర్థం కాని పాఠం మళ్లీ చూసుకోవాలి, బస్సు తప్పిపోతే ఇంటికి కబురు చెప్పాలి. ఫోన్ ఉండాల్సిందే. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పిల్లల చేతికి కొత్త పనిముట్టు వచ్చిందంటే నాకు భయం వెయ్యదు.

కానీ మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు ఒకటి చూశాను. అప్పట్నుంచి మనసులో మెదులుతూనే ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకి వంటిల్లు సర్దుకున్నాక మీ అమ్మ తన ఫోన్ చెల్లికి ఇచ్చింది. అప్పటికి అందులో చార్జింగ్ అడుగంటింది. పదో తరగతి పిల్ల ప్లగ్గు దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని, సరూప త్రిభుజాల పాఠం చూస్తూ చూస్తూ కునికిపాట్లు పడింది. పక్క గదిలో నువ్వు మంచం మీద పడుకుని నీ ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నావు.

నిన్ను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదురా. చెల్లికి నువ్వు ఇవ్వనని ఎన్నడూ అనలేదు, అది నాకు తెలుసు. అది నిన్ను అడగలేదు. నీకూ ఆ సంగతి తోచలేదు. నాకూ ఒకప్పుడు తోచలేదు గనుకే నీకు చెప్తున్నాను.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి మన తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలు మొదలుపెట్టారు. మా బడి టీచర్లం ఊరిని వాడలుగా పంచుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరింట్లో టచ్ ఫోన్ ఉంది అని పట్టీ రాశాం. నా వంతు వాడలో చాలా ఇళ్లకు ఫోన్ ఉందని టిక్కు పెట్టుకుని, ఫర్వాలేదు, పిల్లలు అందుకుంటారులే అని ధైర్యంగా ఇంటికి వచ్చాను. నెల తిరక్కుండానే తెలిసింది, అలా టిక్కు పెట్టిన ఒక ఇంట్లో పిల్ల ఒక్క పాఠమూ చూడలేదని. ఇంట్లో టీవీ లేదు. ఉన్న ఒక్క ఫోన్‌లో పొద్దంతా అన్న డిగ్రీ క్లాసులు. రోజుకి ఒకటిన్నర జీబీ డేటా. ఫోన్ చెల్లి చేతికి వచ్చేసరికి అది కాస్తా అయిపోయేది. అప్పుడు పత్తి ఏరే కాలం. "చూసుడు ఎట్లాగూ అయితలేదు టీచర్, కూలికన్నా పోతున్న" అంది ఆ పిల్ల, ఒడిలో పత్తితో చేను గట్టు మీద నిలబడి.

లెక్కల్లో తరగతి మొత్తానికి ముందుండే పిల్ల రా అది! ఆ ఏడు పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు గనుక పది గట్టెక్కింది. ఇంటర్‌లో మాత్రం లెక్కల జోలికి వెళ్లలేదు. పునాది పడలేదు గనుక భయపడింది. ఇంట్లో ఫోన్ ఉందా లేదా అని రాసుకున్నాను గానీ, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వాళ్ల అన్నతో మాట్లాడేదాన్ని. వాడూ మంచివాడే, చెప్తే వినేవాడు.

ఇది మా ఊరి కథ మాత్రమే అయితే ఇంతగా చెప్పేదాన్ని కాదు. పల్లె పిల్లల చదువుల లెక్క తీసే అసర్ వాళ్లు 2023లో దేశంలోని 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పల్లె పిల్లల్ని కలిసి సర్వే చేశారు. పదింట దాదాపు తొమ్మిది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాడటం పిల్లలకు తెలుసు. అయితే వాడటం వచ్చిన వాళ్లలో సొంత ఫోన్ ఉన్నది అబ్బాయిల్లో 43.7 శాతానికి, అమ్మాయిల్లో 19.8 శాతానికి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి అలారం పెట్టమన్నారు, మ్యాప్‌లో దారి వెతకమన్నారు. అబ్బాయిలే బాగా చేశారు. తమ భాషలో రెండో తరగతి పాఠం చదవమంటే అమ్మాయిలు ముందున్నారు. చేతికి అందిన పనిలో ఆడపిల్ల ముందుంటుంది. అందని పనిలో వెనకబడుతుంది. దాన్ని తెలివి తక్కువని లెక్క కట్టకూడదు.

ఆడపిల్లకు ఫోన్ ఎందుకని మీ నాయనమ్మ అనవచ్చు. ఆవిడ భయం ఆవిడది, ఎదురు చెప్పి నొప్పించకు. కానీ నీకు ఒక సంగతి తెలిసి ఉండాలి. కేరళలో ఒక ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్ వాడకూడదన్నారు. ఒక విద్యార్థిని నాకు చదువుకోడానికి కావాలంది. హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుకునే హక్కు విద్యాహక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో కోర్టు తీర్పు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. సాయంత్రం ఆరు నుంచి పది అంటే చదువుకునే పిల్లకు ఎంత విలువైన వేళో ఒక్కసారి ఆలోచించు. మన ఇంట్లో చెల్లికి ఫోన్ అందేది ఆ వేళ దాదాపు దాటిపోయాకే.

ఇంకొకటి. రేపు చెల్లికి ఎవడో పిచ్చి మెసేజ్ పెడతాడు. పెట్టకూడదనే కోరుకుందాం, కానీ పెడతారు. అప్పుడు ఇంట్లో అందరూ చేసే మొదటి పని పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కోవడం. వాడు తప్పు చేస్తే దీని చదువు ఆగుతుంది. అందుకే ఆడపిల్లలు ఇంట్లో చెప్పరు. నీకు చెప్పగలిగేలా ఉండు నాన్నా. ఆ నంబర్ బ్లాక్ చెయ్యి, మెసేజ్ మాత్రం చెరిపెయ్యకు, ఫోటో తీసి ఉంచు. బెదిరింపో డబ్బు మోసమో అయితే 1930కి ఫోన్ చెయ్యాలని దానికీ నేర్పు. ఫోన్ మాత్రం దాని చేతిలోనే ఉండనీ.

ఇక వంతు సంగతి. నువ్వు కాలేజీ నుంచి వచ్చి టీ తాగి, గ్రౌండుకి వెళ్లి వచ్చేసరికి ఏడున్నర. అప్పటిదాకా నీ ఫోన్ నిండా చార్జింగుతో చెల్లి దగ్గర ఉండనీ. డేటా కూడా మిగిల్చి ఇవ్వు. దాని పుస్తకంలో పాఠాల పక్కన క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి. దీక్ష యాప్‌తో ఒక్కొక్కటీ ఎలా తెరవాలో చూపించు, నెట్ బాగా అందినప్పుడు వీడియోలు దించి పెట్టు. దరఖాస్తు నింపడం నేర్పు. స్కాలర్‌షిప్పైనా, దోస్త్ వెబ్‌సైట్‌లో డిగ్రీ సీటైనా నెట్ సెంటర్ వాడి మీద ఆధారపడకుండా సొంతంగా చేసుకోవాలి. మన దగ్గర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. మౌస్ ముట్టుకోవడం పరీక్ష హాల్లోనే మొదటిసారి అయితే, వచ్చిన లెక్క కూడా చెయ్యలేక తడబడుతుంది. మీ కాలేజీ ఉన్న ఊళ్లో లైబ్రరీలో కంప్యూటర్ ఉందేమో కనుక్కో. సెలవు రోజున వెంట తీసుకెళ్లు.

నీ చదువు గురించి కూడా ఒక మాట. ఫోన్ వాడటం వచ్చిన 14 నుంచి 16 ఏళ్ల పల్లె పిల్లల్లో అంతకు ముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం అని అసర్ 2024 లెక్క. నిన్ను రీల్స్ చూడొద్దనను. పాఠం చూసేటప్పుడు మాత్రం పక్కన కాగితం, పెన్ను పెట్టుకో. అయ్యవారు లెక్క చదవగానే వీడియో ఆపు. నువ్వు చేసి చూడు, తప్పు పోతే పోనీ, మళ్లీ చెయ్యి, ఆ తర్వాతే ముందుకు నడుపు. ఇంకొకరు చేస్తుంటే చూస్తే అంతా వచ్చినట్టే ఉంటుంది. ఫోటో తీస్తే జవాబిచ్చే యాప్‌లు వచ్చాయటగా, అవి నీ లెక్క పూర్తయ్యాక సరిచూసుకోడానికి. అంతకు ముందు తెరవకు. నువ్వు చేసిన లెక్కే చెల్లికి చెప్పు. చెప్పలేక ఆగిపోయిన చోట నీకూ రాలేదన్నమాట. ఆ చోటు దగ్గర నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. సరూప త్రిభుజాల్లో చెల్లి ఈ వారం ఎన్ని లెక్కలు చేసిందో నిన్నే అడుగుతాను. దాని నోటు పుస్తకం చూసి, నువ్వే నాకు చెప్పాలి.

మీ అమ్మమ్మ