కుక్క మరణమునకు కన్నీరు తగునా?

విజయనగరము జిల్లాలోని కొత్తవలస పెద్ద రైలు జంక్షను. హౌరా–చెన్నై మార్గమునుండి అరకు మీదుగా కిరండూలునకు పోవు మార్గము ఇచటనే చీలును. ఇనుప ఖనిజపు గూడ్సుబండ్లు నడచు ఆ పట్టాల ప్రక్కన వెనుక కాలు నలిగి పడియున్న కుక్కపిల్లను ఆ యూరి లింగధారి గృహస్థుడొకరు గోనెసంచిలో ఇంటికి తెచ్చి, పశువైద్యునికి చూపి బ్రదికించెను. అది మూడు కాళ్లతోనే తొమ్మిదేండ్లు ఆ వాకిలి కాచి కార్తికమాసమున కన్నుమూసెను. ఇల్లంతయు విలపించెను. పెరటిలో సమాధి కట్టి దానిపై లింగమును నిలుపవలెనని కొందరనిరి. కుక్క చచ్చినందుకు ఇంత యేడ్పేల యని మరికొందరనిరి. ఆ సాయంకాలము ఇంటికి వచ్చిన జంగమయ్యను చిన్న మనుమడు, "అయ్యవారూ, మా కుక్క శివుడి దగ్గరకు వెళ్లిందా?" అని యడిగెను.

చిన్నవాని ప్రశ్నయే యైనను దానిని త్రోసిపుచ్చుట తగదు. మృతిచెందిన మూగజీవిని తలచుకొని దుఃఖించుట మోహమా, ధర్మమా? మోహమైనచో విడువవలెను. ధర్మమైనచో దానిని ఆచరించు విధమేది?

మొదట పూర్వపక్షమును వినవలెను. వీరశైవులకు మరణసూతకము లేదు. ఇష్టలింగధారి దేహమును విడుచుట లింగైక్యము. మనుష్యుని విషయముననే మరణము శోకహేతువు కానపుడు, దీక్షయు లింగధారణయు లేని కుక్కకై విలపించుట అజ్ఞానము కాదా? ఈ యాక్షేపణలో కొంత సత్యము కలదు. లింగైక్యమను మాట దీక్షకును, సాధనకును సంబంధించినది. ప్రేమ మిక్కుటమైనదని ఆ మాటను కుక్కకు వాడుటయు, దాని గోతిపై లింగమును నిలుపుటయు ఆ మాట విలువను తగ్గించును. కుక్కకును దానివలన ఒరుగునది లేదు. కాని సూతకము లేదనుటకు స్నేహము లేదని యర్థము కాదు. మృత్యువు మైల కాదనియే సూతక నిరాకరణము చెప్పును. భయమును, అంటును తొలగించిన మతము కృతజ్ఞతను కూడ తొలగింపుమని చెప్పలేదు.

శరణుల కథలయందు హావినహాళ కల్లయ్య కథ ప్రసిద్ధము. తన్ను హీనునిగా చూచిన వేదపండితుల యెదుట ఆయన ఒక కుక్కచేత వేదము పలికించెనని చెప్పుదురు. ఈ కథను మహిమగా మాత్రమే వినువారు సగమే విన్నవారు. లోకము ఎవరినైన నీచపరుపదలచినపుడు కుక్క పేరెత్తును. కల్లయ్య తాను కుక్క కంటె గొప్పవాడనని వాదింపలేదు. ఏ పేరుతో లోకము తిట్టునో ఆ ప్రాణి నోటనే జ్ఞానమును పలికించెను. అట్లే శ్రీకాళహస్తి క్షేత్రము సాలెపురుగు, పాము, ఏనుగుల పేరిట వెలసినది. శివభక్తి చరిత్రలో మూగజీవులకు పీట ఎన్నడో వేయబడినది. దయయే ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుడు ఆ దయను మనుష్యులకే పరిమితము చేయలేదు. సకల ప్రాణులయెడల దయ యుండవలెనని యాయన యుపదేశము.

భారతమున మహాప్రస్థాన కథ తెలుగువారికి తిక్కన ద్వారా పరిచితమే. దారిలో ద్రౌపదియు, తమ్ములును ఒక్కొక్కరే పడిపోవగా ధర్మరాజు ఆగలేదు. తుదకు ఇంద్రుడు రథము తెచ్చి కుక్కను విడిచి రమ్మనగా ఆయన ఒప్పలేదు. తమ్ముల కొరకు ఆగనివాడు కుక్క కొరకు స్వర్గమునే కాదనుట యేమి? మరణించినవారిని తాను బ్రదికింపలేడు. బ్రదికియుండి తన్ను నమ్మి వెంటవచ్చిన దానిని విడుచుట పాపము. ఇదియే ఆయన సమాధానము. చనిపోయినవారి యెడల మన చేతిలో నున్నది స్వల్పము. బ్రదికియున్న ఆశ్రితుని యెడల మన చేతిలో నున్నది యధికము. మృతజీవి స్మరణను కూడ ఈ కొలతతోనే కొలువవలెను.

వీధినుండి రక్షింపబడిన కుక్కను తలచుకొనుటలో మరియొక విశేషము కలదు. ముద్దుకై కొని తెచ్చిన కుక్క జ్ఞాపకమునకు ఆనందము ఒక్కటే చాలును. రక్షింపబడిన కుక్కకు పూర్వకథ యున్నది. ఎవరో కర్రతో కొట్టిరి, ఎవరో వేడినీళ్లు పోసిరి, ఎవరో పెంచి విసిగి దూరముగా విడిచివచ్చిరి. చేయెత్తినంతనే ముడుచుకొని పోవు ఆ భయము దాని జీవితాంతము ఉండును. దానిని స్మరించుట యనగా దానిని గాయపరచిన చేతిని కూడ స్మరించుట. ఆ చేయి మనుష్యునిదే. కాబట్టి ఈ దుఃఖములో ప్రేమతో పాటు కొంత ప్రాయశ్చిత్తము కూడ కలిసియున్నది. ఇంత తెలిసినవానికి ఇది వట్టి మోహమని తోచదు.

కొత్తవలసకు సమీపమున విశాఖపట్నములో 1996లో విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ అను సంస్థ ఏర్పడి దిక్కులేని మూగజీవులకు ఆశ్రయమిచ్చుచున్నది. హైదరాబాదులో బ్లూక్రాస్ 1992లో స్థాపింపబడినది. ఇట్టి ఆశ్రయములలో పనిచేయువారు ఎన్నో మరణములను చూడవలసి యుండును. ఒక ప్రాణిని పూడ్చిన చేతులతోనే మరియొక ప్రాణికి కట్టు కట్టుదురు. కాయకమనిన ఇదియు కాయకమే.

ఇచట కఠినమైన ప్రశ్న యొకటి నిలుచును. వీధికుక్క కాటునకు బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట ఈ మాటలు చెప్పగలమా? రేబిస్ వలన ప్రపంచమున ఏటా సుమారు 59,000 మంది మరణింతురనియు, వారిలో మూడవ వంతుకు పైగా భారతీయులేయనియు అంచనా. లక్షణములు కనిపించిన పిదప ఆ వ్యాధికి దాదాపు మందు లేదు. ఆ తల్లి దుఃఖము కుక్కను ప్రేమించువాని దుఃఖము కంటె తక్కువది కాదు, అంతకు మించినది. ఆమెను మరచిన దయ దయ కానేరదు. 2001లో వచ్చిన కుక్కల సంతాన నియంత్రణ నియమములును, వాని స్థానమున 2023లో వచ్చిన నియమములును శస్త్రచికిత్సయు, టీకాయు మార్గముగా నిర్దేశించినవి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలనన్నిటిని ఆశ్రయములకు తరలింపుమని ఆదేశించిన సుప్రీంకోర్టు, ఆగస్టు 22న దానిని సవరించి, టీకా వేసి, శస్త్రచికిత్స చేసిన పిదప, రేబిస్ సోకినవియు, క్రూరస్వభావము కలవియు తప్ప, తక్కిన వానిని తెచ్చిన చోటనే విడువుమనెను. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు, రైల్వే స్టేషనులు మొదలగు చోట్లనుండి కుక్కలను తొలగింపుమనెను. దేశము నేటికిని ఈ రెండు దుఃఖముల నడుమ త్రోవ వెదకుచునే యున్నది. అన్నము పెట్టి టీకా మరచిన దయ సగము దయ. కర్రతో తీర్చదలచిన భయము అసలు తీరనే తీరదు. కాటు పడినంతనే గాయమును పదిహేను నిముషములు సబ్బునీటితో కడిగి ఆసుపత్రికి పోవలెనని ప్రతి యింట పిల్లలకు నేర్పుటయు దాసోహమే.

కావున గతించిన కుక్కను తలచుకొను విధము స్పష్టము. లోతుగా గొయ్యి తీసి, మర్యాదగా పూడ్చి, ఒక మొక్క నాటిన చాలును. కర్మకాండ అక్కరలేదు, విందు అక్కరలేదు. కన్నీరు వచ్చినచో రానిండు, దానికి సిగ్గుపడవలదు. కాని ఆ కుక్కకు ఏటేట వైద్యమునకైన వ్యయమును మరొక ప్రాణి పేర నిలిపి యుంచవలెను. మఠములును దాసోహపు మిగులును కుక్కలకు వేయుటతో తృప్తిపడక, ఏడాదికొకనాడు ఆవరణలో పశువైద్యుని పిలిపించి టీకాలు వేయించినచో అది భక్తులకును, మూగజీవులకును రక్ష యగును.

కొత్తవలసలో ఆ సాయంకాలము జంగమయ్య బాలుని దగ్గరకు పిలిచి, "అది ఎక్కడికి వెళ్లిందో శివుడికి తెలుసు నాయనా. దాని గిన్నె ఎక్కడుంది?" అని యడిగెను. పిల్లవాడు లోపలినుండి సొట్టపడిన సత్తుగిన్నె తెచ్చెను. దానిని కడిగి నీళ్లు పోసి వాకిట పెట్టుమని ఆయన చెప్పెను. లింగమును నిలుపు మాట ఆ పిదప ఎవరును ఎత్తలేదు. ఆ వారముననే ఆ గృహస్థు వీధిలోని రెండు కుక్కలకు అన్నము చూపి మచ్చిక చేసి, టీకా వేయించెను. వానిలో నొకటి యిపుడు ఆ యరుగు క్రిందనే పరుండును. దానికి ఇంకను పేరు పెట్టలేదు.