ఫలత్యాగం – ఫలహరణం: 1933 నాటి హాలీవుడ్ రంగస్థల సంగీత చిత్రాలు

సంస్కృత నాటక పరిభాషలో నేపథ్యమంటే నటులు వేషం ధరించే తెర వెనుక చోటు. ప్రేక్షకుడి కంట పడకపోవడం దాని లక్షణం. 1933లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’, ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’ చిత్రాలు ఆ చోటునే కథాస్థలం చేసుకున్నాయి. అమెరికా శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతు మంది నిరుద్యోగులైన సంవత్సరమది. అందువల్ల ఈ కథల్లో నాటక ప్రదర్శన కళ మాత్రమే కాదు, జీవనాధారం కూడా. పలువురి శ్రమతో సిద్ధించిన విజయం ఎవరిది అన్న నైతిక ప్రశ్నకు ఇవి తావిస్తాయి.

లాయిడ్ బేకన్ దర్శకత్వం వహించిన ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’లో ప్రదర్శనకు ముందు ప్రధాన నటి చీలమండ విరుగుతుంది. బృంద నర్తకి పెగ్గీ సాయర్ ఆ పాత్ర ధరించి తారగా వెలుగుతుంది. ఈ కథను ప్రతిభకు దక్కిన అవకాశంగా చదవడం పరిపాటి. అయితే నాటక దర్శకుడు జూలియన్ మార్ష్ ఆమెకు ముందుగా గుర్తు చేసేది రెండువందల మంది ఉపాధిని. అంతేకాక, ఆ పాత్ర తనకే దక్కబోతున్న వేళ ఆన్ అనే మరో నర్తకి పెగ్గీయే తగినదని చెప్పి తప్పుకుంటుంది. పెగ్గీ విజయం వెనుక ఈ ఋణాలన్నీ ఉన్నాయి. చివరి దృశ్యంలో మార్ష్ థియేటరు వెలుపలి మెట్లపై ఒంటరిగా కూర్చుని, ఘనతంతా పెగ్గీదేనని ప్రేక్షకులు అనుకుంటూ వెళ్లడం వింటాడు.

మార్ష్‌ను గీతలోని నిష్కామకర్మకు ఉదాహరణగా చూపాలనిపించవచ్చు. ఆ పోలిక నిలవదు. మార్కెట్ పతనంలో నష్టపోయిన అతడు ధనం కోసమే ఈ పనికి పూనుకున్నాడు; నర్తకులను నిర్దయగా శ్రమింపజేశాడు. ఫలత్యాగం కర్త స్వయంగా ఎంచుకున్నప్పుడే గుణమవుతుంది. ఆన్ చేసినది త్యాగం. పేరు లేకుండా మిగిలిన బృంద నర్తకులది త్యాగం కాదు. వారి విషయంలో జరిగినది ఫలహరణం. బస్బీ బర్క్‌లీ నృత్య దృశ్యాలు ఈ భేదాన్ని కప్పిపుచ్చుతాయి. పైనుంచి చూసే కెమెరాకు నర్తకి మనిషిగా కాక పువ్వులో ఒక రేకుగా కనిపిస్తుంది. ఆ సౌందర్యం ఆమె ముఖాన్ని మరపిస్తుంది.

మెర్విన్ లెరాయ్ దర్శకత్వంలోని ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’ ఈ ప్రశ్నను మరింత విస్తరించింది. సంపద గురించిన పాటతో ఆరంభమయ్యే ఈ చిత్రంలో, ఆ పాట అభ్యాసం సాగుతుండగానే అప్పుల కింద దుస్తులు, సామగ్రి జప్తవుతాయి. ముగింపు పాటలో ప్రపంచయుద్ధ సైనికులు ఆహారం కోసం బారులు తీరుతారు. తమకు రావలసిన బోనస్ కోరిన మాజీ సైనికులను 1932లో సైన్యమే వాషింగ్టన్ నుండి తరిమివేసింది. ఇక్కడ నేపథ్యంలోకి నెట్టబడినవారు నర్తకులు కారు, పౌరులు. వారి సేవాఫలాన్ని అనుభవించినది దేశమే.

శ్రమను చూపినంత మాత్రాన శ్రామికుని ఋణం తీరదు. ఈ చిత్రాలూ టికెట్లకు అమ్ముడైన వినోదమే. అయినా మార్ష్ ఏకాంతం, సైనికుల బారు ప్రేక్షకుని ఆనందాన్ని సంపూర్ణం కానివ్వవు. తన సంతోషానికి ఎవరెవరు మూల్యం చెల్లించారో అతడు ఆలోచించక తప్పని స్థితిని కల్పించడంలోనే ఈ చిత్రాల నైతిక విలువ ఉంది.