పొయ్యి మీది నుంచి దించండి

క్యాంపింగ్‌లో పెర్కొలేటర్‌తో కాఫీ కాచారా? అడుగున మరిగిన నీళ్లు గొట్టంలో పైకెక్కి, పొడి మీద పడి, కిందికి దిగుతాయి. దిగిన డికాక్షనే మళ్లీ పైకెక్కుతుంది. మూత మీది గాజు బుడిపెలో రంగు చూసి వేళకు దించితే రుచి. మరిచిపోతే చేదు.

ఊళ్లో పొలం పంపకాలప్పుడు అన్నయ్య అన్న ఒక్క మాటను నేను నాలుగేళ్లు అలాగే మరిగించాను. ప్రార్థనకు మోకరించినా అదే పైకెక్కేది. హెబ్రీ 12:15 హెచ్చరించే చేదు అదే. నా పాపాలను ప్రభువు అలా తిరగదోడలేదే, సిలువలో క్షమించాడే!

మొన్న క్యాంపులో కాఫీ దించి, అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఏరా, అన్నం తిన్నావా?" అన్నాడు. నాకు మాట రాలేదు.

మీరు దించవలసిన మాట ఏది? ఈ పొద్దు గుంకకముందే దించండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.