తపాలా బిళ్ల సాక్ష్యం చెప్పాలా?

మా దేశభక్తి మీద ఎవరికి అనుమానం వచ్చినా మేం చరిత్ర పెట్టె తెరుస్తాం. అష్ఫాఖుల్లా ఖాన్‌ని బయటికి తీస్తాం. 1927లో ఉరికంబం ఎక్కాడని చెప్తాం. 1997లో రాంప్రసాద్ బిస్మిల్‌తో కలిపి తపాలా బిళ్ల వేశారని చూపిస్తాం. అడిగినవాడు ఆ పూటకి ఊరుకుంటాడు. మర్నాడు మళ్లీ అడుగుతాడు.

బిళ్లలే సాక్ష్యమైతే మా దగ్గర ఇంకా ఉన్నాయి. స్వతంత్ర దేశపు మొదటి బిళ్ల 1947 నవంబరు 21న వచ్చింది. మూడు రంగుల జెండా, 'జైహింద్' అన్న మాట. ఆజాద్ హింద్ ఫౌజ్‌కి ఆ మాట ఇచ్చింది హైదరాబాదు సాయిబు ఆబిద్ హసన్ సఫ్రానీ అంటారు. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యానికి ఏడాది నిండిన రోజున, గాంధీ బొమ్మతో నాలుగు బిళ్లలు వచ్చాయి. వాటి మీద 'బాపు' అన్న మాట నాగరిలోనూ ఉంది, ఉర్దూలోనూ ఉంది. దేశం చీలి ఏడాదే. గాంధీ హత్య జరిగి ఏడు నెలలు కూడా కాలేదు. అంత నెత్తుటి మధ్య కూడా ఆ బిళ్ల ఉర్దూని పరాయిదనలేదు.

ఇవి చెప్పుకోవడం తప్పు కాదు. ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందన్నదే ప్రశ్న.

మా గోదావరి వైపు అల్లూరి సీతారామరాజు పేరు తెలియని పిల్లాడుండడు. 1922 ఆగస్టులో రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ మీద పడ్డాడు. 1924లో కాల్చి చంపారు. 1986లో ఆయన బిళ్ల వచ్చింది. ఆయన మన్యంలో పోరాడుతున్నప్పుడు డెల్టాలో లక్షలమంది వరి ఊడ్చుకున్నారు, లంకల్లో పొగాకు వేసుకున్నారు, తెల్లవాడికి శిస్తు కట్టారు. 'మీ తాత రాజుగారి వెంట నడిచాడా?' అని వాళ్ల మనవల్ని ఎవరూ అడగరు. అడగకూడదు కూడా. మరి రాజమండ్రిలో జట్కా తోలుకున్న సాయిబు మనవణ్ణి ఎందుకడగాలి? ఆ తాతా పోరాడలేదు. అందరిలాగే ఇక్కడ బతికాడు, ఇక్కడే మట్టిలో కలిశాడు. అది చాలదా?

త్యాగాన్ని రుజువుగా చూపిస్తున్నకొద్దీ మేం ఒక చెడ్డ షరతుకి తల ఊపుతున్నాం. వీరుడున్న వాళ్లకే దేశంలో చోటు అన్న షరతది. అలాగైతే ఏ బిళ్ల మీదా తమ మనిషి లేని కులాల గతేమిటి? సంచారజాతుల గతేమిటి? 1950లో రాజ్యాంగం పౌరసత్వం ఇచ్చింది అమరుల్ని లెక్కపెట్టి కాదు.

అష్ఫాఖుల్లాని మరిచిపొమ్మనడం లేదు. ఆయన్ని మా జామీనుదారుగా నిలబెట్టొద్దంటున్నాం. ఆయన ప్రాణమిచ్చింది దేశం కోసం, మా పూచీకత్తు కోసం కాదు. ఆబిద్ హసన్ పేరు పాఠాల్లోకి రావాలి. మేం నిర్దోషులమని తేలడానికి కాదు, చరిత్ర నిజం చెప్పడానికి.

బిళ్ల అంటించి, ముద్ర పడ్డ ఉత్తరానికి దారిలో ప్రతి ఊళ్లోనూ మళ్లీ రుసుము కట్టమనరు. 1947లో మా పెద్దలు ఈ నేల వదలకుండా ఉండిపోయారు. ఇంకా ఎన్నిసార్లు కట్టమంటారు?