పొదుపు ఎక్కడ ఆగాలి?

ఇంటి యజమాని అప్పుల పాలయ్యాడు. లేదా గల్ఫ్‌లో ఉద్యోగం పోయి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్కే. చిరిగిన తువాలుకు మరో కుట్టు పడుతుంది. కుక్కరు పిడికి తీగ చుట్టుకుంటుంది. ఇల్లాలు నోరు విప్పదు, పిల్లలు అడగడం మానేస్తారు. నిస్సందేహంగా ఇది ప్రశంసించదగిన సహనమే. అల్లాహ్ దయవల్ల కొన్నేళ్ళకు అప్పు తీరుతుంది. మరి ఆ తువాలు, ఆ కుక్కరు?

ఇది కూడా ఒక ధార్మిక సమస్యేనా అని కొందరు నవ్వవచ్చు. మా ఇంట్లో ఎదురైంది గనుక నేను నవ్వలేను. తమ్ముడి వైద్యానికి చేసిన అప్పు తీర్చడానికి మాకు మూడేళ్ళు పట్టింది. చివరి మొత్తం చెల్లించి వచ్చిన రోజున రెండు రకాతుల నమాజు చేసి దైవానికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ తర్వాత ఏడాది గడిచినా ఇంట్లోకి ఒక్క కొత్త దుప్పటి రాలేదు. ఎవరేమడిగినా ‘ఇంకా పనికొస్తుంది కదా’ అనేదే నా జవాబు. ఒకరోజు కుక్కరు పిడి ఊడి, వేడి పప్పు నా భార్య ముంజేతి మీద పడింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మీ మాత్రం ఊరుకోలేదు. “అప్పున్నప్పుడు పిడికిలి బిగించావు, అది సబర్. ఇప్పుడూ బిగిస్తున్నావు, దీన్నేమంటారో నువ్వే చెప్పు బేటా” అంది.

అప్పు ఉన్నంతకాలం నా దగ్గర బలమైన ఆధారమే ఉండేది. మూడు దీనార్ల అప్పు మిగిల్చి, తీర్చడానికి ఏమీ వదలకుండా మరణించిన ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. ఆ అప్పు నేను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీ పడిన తర్వాతే చేయించారు (బుఖారీ). అప్పు అంత బరువైనది. దాన్ని దించుకోవడానికి చిరుగుల దుప్పటి కప్పుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాని బరువు దిగిపోయాక కూడా వంగి నడిచేవాణ్ణి ఏమనాలి?

హజ్రత్ మాలిక్ బిన్ నజ్లా (రజి) ఒకసారి నాసిరకం బట్టలతో దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. నీ వద్ద సంపద ఉందా అని ఆయన (స) అడిగారు. ఒంటెలు, గొర్రెలు, గుర్రాలు అన్నీ ఉన్నాయని తేలింది. అలాగైతే అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహ చిహ్నం నీ మీద కనిపించాలని ఆయన (స) ఉపదేశించారు (అబూదావూద్). ఉన్నా లేనట్టు కనిపించడం దైవభీతి కాదన్నమాట.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దైవప్రవక్త (స) తమ చెప్పులు తామే కుట్టుకునేవారు కదా, హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండి కూడా అతుకుల దుస్తులు ధరించారు కదా! నిజమే. కుట్టుకోగల చెప్పును పారేయడం దుబారాయే. నేనూ మొదట ఈ ఉదాహరణల చాటునే దాక్కున్నాను. కాని సోదరులారా, గమనించండి. ఆ చెప్పు కుట్టాక నడవడానికి పనికొచ్చింది. ఆ అతుకు ఆ మహనీయుల సొంత దుస్తుల మీద ఉంది. నా పొదుపు మాత్రం నా చేతిని కాల్చలేదు, వంట చేసే ఆమె చేతిని కాల్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఆ పిడిని పట్టుకున్నదే లేదు. హజ్రత్ హింద్ (రజి) తన భర్త ఖర్చుకు సరిపడా ఇవ్వడం లేదని ఫిర్యాదు చేసినప్పుడు, నీకూ నీ పిల్లలకూ న్యాయంగా చాలినంత తీసుకోవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు (బుఖారీ, ముస్లిం). ఆమెకు ఓర్చుకోమని నచ్చజెప్పి పంపలేదు. ఇంటివారి అవసరం యజమాని దయాభిక్ష కాదు, వారి హక్కు. ఈ ఒక్క హదీసు ముందు నా వాదనలన్నీ వీగిపోయాయి.

రెండో ప్రమాదం కూడా ఉంది. చాలాకాలం బిగించిన చేయి ఒక్కసారి తెరుచుకుంటే ఆగదు. తువాలు కోసం బజారుకు వెళ్ళినవాడు సోఫా చూసి వస్తాడు. వడ్డీ లేదని చెప్పే వాయిదాల కాగితం మీద, ఒక్క వాయిదా తప్పితే ఏమి పడుతుందో చదవకుండానే సంతకం పెడతాడు. నిన్న అప్పు తీరినవాడు నేడు మళ్ళీ అప్పులోనే! పడకల గురించి దైవప్రవక్త (స) చెప్పిన లెక్క ప్రసిద్ధమైనదే. ఒకటి భర్తకు, ఒకటి భార్యకు, మూడోది అతిథికి, నాలుగోది షైతాన్‌కు (ముస్లిం). అందులో అతిథి పడక కూడా అవసరాల పద్దులోనే ఉండటం నాకెంతో నచ్చింది. మా ఇంట్లో అతిథికి ఇచ్చే దుప్పటి సంగతి చెప్పుకోకపోవడమే మేలు. దుబారాకూ పిసినారితనానికీ మధ్య నడిచేవారే కరుణామయుని దాసులని దివ్యఖుర్ఆన్ (అల్ ఫుర్ఖాన్: 67) చెబుతోంది. ఆ మధ్య ఎక్కడుందో ఒక్కో ఇంటి అరమర చూస్తేనే తెలుస్తుంది.

నా భార్యనే జాబితా రాయమన్నాను. పదకొండు వస్తువులు రాసి, నాలుగు తనే కొట్టేసింది. కాని తను కొట్టేసిన వాటిలో దిండు ఒకటుంది, దాన్ని నేను మళ్ళీ రాశాను.

ఇక పాతవాటి సంగతి. అవి పనిమనిషికి ఇచ్చేద్దామని నేనన్నాను. తమకిస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోని నాసిరకం వస్తువులను దైవమార్గంలో ఇవ్వవద్దన్న అల్ బఖరా సూరాలోని ఆదేశాన్ని (267) అమ్మీ గుర్తుచేసింది. మన చేతిని కాల్చిన కుక్కరు ఆమె చేతిని కాల్చదా? కుక్కరు పాత సామాన్లవాడికి వేశాం. తువాళ్ళు మసిగుడ్డలయ్యాయి. దుప్పట్లు మూడు కొన్నాం, ఒకటి పనిమనిషికి. దిండ్లు మాత్రం వచ్చే నెల జీతం రాగానే.