“రక్షణ పొందారా?” అని అడిగితే



ఈ ప్రశ్న మీ గుమ్మం దాకా కూడా వచ్చే ఉంటుంది. చేతిలో బైబులుతో వచ్చిన పొరుగింటి సోదరి మీ అమ్మను అడుగుతుంది: “పెద్దమ్మా, మీరు రక్షణ పొందారా?” అరవై ఏళ్లుగా ఆదివారం పూజ తప్పని ఆ తల్లికి ఏం చెప్పాలో తోచదు. జపమాలలు, ఉపవాసాలు, దానధర్మాలు రక్షించవనీ, విశ్వాసం ఒక్కటే చాలుననీ ఆ సోదరి రోమీయులకు వ్రాసిన లేఖ మూడవ అధ్యాయం తీసి చూపిస్తుంది. ఆ రాత్రి అమ్మకు నిద్ర పట్టదు. “ఇన్నేళ్ల ప్రార్థన వృథాయేనా నాయనా?” అని అడిగితే మీరేం చెబుతారు?

మనలో చాలామంది చటుక్కున యాకోబు లేఖ రెండవ అధ్యాయం తీస్తాం. వారిదొక వచనం, మనదొక వచనం! ఇట్టి వాదంలో గెలిచినవారిని నేను చూడలేదు. మాటలు మానుకున్న బంధువులను మాత్రం చూశాను.

రోమీ నాల్గవ అధ్యాయాన్నీ, యాకోబు రెండవ అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఇద్దరూ సాక్ష్యానికి పిలిచింది ఒకే మనిషిని, అబ్రహామును. చూపించింది కూడా ఒకే వచనాన్ని, ఆదికాండం 15:6ను. అబ్రహాము నమ్మకాన్ని దేవుడు నీతిగా ఎంచిన సంగతి అందులో ఉంది. మరి తేడా ఎక్కడ? సున్నతి లేని అన్యజనులను ఎలా చేర్చుకోవాలన్నది పౌలుగారి ముందున్న తగవు. అందుకే సున్నతి 17వ అధ్యాయంలో గాని రాలేదనీ, నమ్మకం అంతకు ముందే ఉన్నదనీ ఆయన చూపిస్తారు. యాకోబుగారి ముందున్నవారు వేరు. కట్టుబట్ట, తిండి లేనివాడికి ఏమీ ఇవ్వకుండా మంచిమాట చెప్పి పంపేసే విశ్వాసులు వారు. అందుకే ఆయన 22వ అధ్యాయానికి, ఇసాకును అర్పించబోయిన కొండ మీదికి వెళ్తారు.

1522లో నూతన నిబంధనను జర్మను భాషలోకి తెచ్చిన మార్టిన్ లూథరు రోమీ 3:28లో “మాత్రమే” అన్న మాట చేర్చారు. గ్రీకు మూలంలో అది లేదు. భావమూ, జర్మను నుడికారమూ కోరాయి గనుక చేర్చానని 1530లో ఆయనే సమర్థించుకున్నారు. నూతన నిబంధనలో “విశ్వాసం మాత్రమే” అన్న మాట కనబడేది యాకోబు 2:24లోనే, అదీ కాదనడానికి.

అట్లని మనం తొడలు చరచనక్కరలేదు. 1547 జనవరిలో ఈ విషయమై ట్రెంట్ మహాసభ వెలువరించిన శాసనాల్లో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? క్రీస్తు ద్వారా వచ్చే దేవవరప్రసాదం లేకుండా, మనిషి తన క్రియలతోనే నీతిమంతుడు కాగలడనేవాణ్ణి అది వెలివేసింది! కొవ్వొత్తులూ నవదిన ప్రార్థనలూ లెక్కగట్టి దేవునికి పద్దు చూపించేవాళ్లకు (నాకూ ఆ అలవాటు లేకపోలేదు) ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది.

1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. దేవుడు మనలను స్వీకరించేది మన యోగ్యతను చూసి కాదు, క్రీస్తునందు విశ్వాసం ద్వారా, కేవలం కృప వలన. ఆ కృపే మనలను సత్క్రియలకు పిలుస్తుంది అని ఇరువురూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులూ కలిశారు. 1842లో లూథరన్ మిషను అడుగుపెట్టిన గుంటూరు సీమలో, మేనత్త ఒక గుడికీ మేనమామ మరో గుడికీ వెళ్లే ఇళ్లకు ఇది దూరపు వార్త కాదు. భేదాలన్నీ తీరిపోలేదు. ఆ సంగతి ప్రకటనలోనే ఉంది.

ఇక అమ్మ సంగతి. పౌలుగారి లేఖల్లో రక్షణ మూడు కాలాల్లో కనబడుతుంది. రోమీ 8:24లో అది జరిగిపోయింది, 1 కొరింతీ 1:18లో జరుగుతున్నది, రోమీ 5:9లో జరగవలసి ఉన్నది. “జ్ఞానస్నానం నాడు పొందాను, ఇప్పుడూ పొందుతున్నాను, కడపట పొందుతానని ఎదురుచూస్తున్నాను” అని అమ్మ ధైర్యంగా చెప్పవచ్చు. ఆ జపమాల రక్షణకు చెల్లించిన వెల కాదు, రక్షించినవానితో మాట్లాడుకోవడం.

ఈసారి ఆ సోదరి వస్తే అమ్మనే తలుపు తీయనివ్వండి. కుర్చీ వేసి, రోమీ నాల్గవ అధ్యాయం ఇద్దరినీ కలిసి చదువుకోమనండి.