దేవుని పట్టణములో పెరిగిన పిల్లలు

పాస్టరుగారికి సినిమాల గొడవ ఎందుకని మీలో కొందరు అనుకొందురని నాకు తెలియును. ఈ చిత్రమును మీరు చూడవలెనని నేను చెప్పుటలేదు. దానిలో రక్తము మెండు, బూతుమాటలు మెండు. పిల్లల యెదుట పెట్టదగినది కానే కాదు. సెలవులకు వచ్చిన నా మేనల్లుడు ఒక రాత్రి తన ఫోనులో దానిని నాకు చూపెను. దాని పేరు విని చూడ కూర్చుంటిని. పేరు 'దేవుని పట్టణము'. ముగిసిన తరువాత నాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

ఆ పేరు బ్రెజిలు దేశమందలి ఒక పేటది. రియో ది జనీరో నగరములో ధనికులుండు దక్షిణ భాగపు కొండలమీద పేదలు గుడిసెలు వేసికొని యుండిరి. 1960 తరువాతి సంవత్సరములలో ప్రభుత్వమువారు అట్టి గుడిసెలు అనేకము తీయించి, ఆ జనులను పనులకు దూరముగా నగరపు పడమటి దిక్కున కట్టించిన చిన్న యిండ్లకు పంపిరి. 1966 లో గొప్ప వరద వచ్చి ఇండ్లు పోయినవారినికూడ అక్కడికే చేర్చిరి. ఆ పేటకు పెట్టిన పేరు సిదాజి జి దెవుస్, అనగా దేవుని పట్టణము. వీధులకు సహితము బైబిలులోని పేర్లు పెట్టిరి. పేర్లు పెట్టుటకు ఖర్చు లేదు గదా!

ఆ పేటలో పెరిగిన పావులో లిన్స్ అను రచయిత తాను చూచినదానిని, విన్నదానిని 1997 లో నవలగా వ్రాసెను. దానినిబట్టి ఫెర్నాండో మెయిరెలెస్, కాచియా లుంద్ అనువారు 2002 లో ఈ చిత్రము తీసిరి. నటించినవారిలో అనేకులు అట్టి పేదపేటల పిల్లలే. అంతకుముందు కెమెరా ముఖము చూచినవారు కారు. అందుచేతనేమో వారి భయము నటనవలె కనబడదు.

కథ చాల పెద్దది. ఇద్దరు పిల్లలను మాత్రము చెప్పెదను. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే మట్టివీధి, ఒకే ఆకలి. ఒకని పేరు బుస్కాపే; కథ చెప్పువాడు వీడే. వీని అన్న దొంగలతో తిరిగి చచ్చెను. రెండవవాడు దాదిన్యో. పెద్ద దొంగలు ముగ్గురు ఒక వసతిగృహమును దోచుటకు పోయి, ఈ చిన్నవానిని బయట కాపలా పెట్టిరి. వాడు వారిని మోసపుచ్చి వెళ్లగొట్టి, తాను లోపలికి పోయి కనబడినవారినెల్ల కాల్చెను. కాల్చుచు నవ్వెను. పెరిగిన తరువాత వాడే జే పెకెనో అని పేరు మార్చుకొని, మత్తుపదార్థముల వ్యాపారమంతయు చేత పట్టి, ఆ పేటకు రాజయ్యెను.

ఒకే మట్టిలో రెండు విధముల చెట్లు ఎట్లు మొలచెను? ఆ రాత్రి నన్ను నిద్రపోనీయని ప్రశ్న ఇదియే. పేదరికమే పాపమునకు తల్లి యందుమా, బుస్కాపేకూడ హంతకుడు కావలసినదే. పేదరికమునకు ఏ దోషమును లేదు, ఎవని పాపము వానిదే యందుమా, అదియు నా నోటికి తేలికగా రాదు. ఏలయనగా చేతికి బలపము అందవలసిన వయస్సులో తుపాకి అందిన పిల్లవాడు దేనిని ఎన్నుకొనెనని చెప్పుదుము? తండ్రుల దోషము బిడ్డల తలమీద పెట్టకూడదని యెహెజ్కేలు ప్రవక్త తన కాలపువారితో గట్టిగా వాదించెను. ఎవడు చేసినదానికి వాడే లెక్క చెప్పవలెను, నిజమే. అయితే ఆ లెక్కలో మరి ఎవరి సంతకములు లేవా?

ఈ చిత్రములో ఒక చిన్న ఘట్టమున్నది. తుపాకుల మోతలో చూచువారు దానిని మరచిపోవుదురు. బుస్కాపే తన స్నేహితునితో కలిసి, ఇక దొంగతనమే గతియని తుపాకి పట్టుకొని బస్సు ఎక్కెను. ఆ కండక్టరు తమ పేటవాడే, మంచివాడు. స్నేహముగా పలుకరించి మాటలాడెను. అట్టి మనిషిని ఎట్లు దోచుకొందుమని వీరు దిగిపోయిరి. తరువాత ఒక రొట్టెల దుకాణమునకు పోయిరి; అక్కడి పిల్ల నవ్వి మాటలాడెను, అక్కడను చేతులు రాలేదు. పిమ్మట త్రోవ తప్పిన ఒక కారువానిని దోచుదమనిరి, వాడును మంచివాడే. చూచువారికి నవ్వు వచ్చునట్లు తీసిరి. నేనును నవ్వితిని. తరువాత నవ్వలేకపోతిని. ఒక పిల్లవానికిని నరకమునకును మధ్య నిలిచినది ఏమి? ప్రసంగము కాదు, పోలీసు కాదు. టిక్కెట్లు కోయుచు ఒకడు పలికిన నాలుగు మంచిమాటలు. తాను ఏమి చేసెనో ఆ కండక్టరుకు చచ్చువరకు తెలియదు.

ఆ కండక్టరు గతి ఏమాయెనో వినుడి. వాని పేరు మానె గాలిన్యా. జే పెకెనో వాని ప్రియురాలిని చెరచి, వాని తమ్ముని చంపెను. అప్పుడు ఈ మంచివాడు పగ తీర్చుకొనుటకు శత్రువర్గముతో చేరెను. మొదట, నిరపరాధులను చంపకూడదని నియమము పెట్టెను. తరువాత వాని ప్రాణము కాపాడుటకు తోడివాడు ఒకనిని కాల్చగా, ఇది ఒక్కసారికే యనుకొనిరి. ఆ తరువాత బ్యాంకు కావలివానిని తన చేతితోనే చంపెను. ఆ కావలివాని కుమారుడు పిల్లవాడు. వాడు వీని గుంపులోనే చేరి, సమయము కనిపెట్టి వీనిని కాల్చెను. పాపము తలుపు పగులగొట్టి రాదు, చదువరీ. ఈ ఒక్కసారికే అని బ్రతిమాలుకొని లోపలికి వచ్చును.

అగస్టీనుగారిని గూర్చి మీరు వినియుందురు. రోమా నగరము 410 లో కొల్లగొట్టబడిన తరువాత, 'దేవుని పట్టణము' అను పేరుతోనే గొప్ప గ్రంథము వ్రాసినవాడు. ఆయన తన పదునారవయేట పొరుగువాని చెట్టుకాయలు దొంగిలించిన సంగతిని మరియొక గ్రంథములో చెప్పుకొనెను. ఆకలి చేత కాదు. ఆ కాయలు పందులకు వేసిరి. తాను ఒంటరిగా నుండిన యెడల అది చేసియుండనని ఆయన ఒప్పుకొనెను. కడుపు నిండిన యింటి బిడ్డ సంగతి ఇది! గుంపు బలము అంతటిది. పేదపిల్లలకు మాత్రమే చెడుబుద్ధి పుట్టునని తలంచువారు ఆ కాయలను జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ చిత్రము తమ పేటకు అపకీర్తి తెచ్చెనని ఆ పేట గాయకుడు ఎమ్ వీ బిల్ 2003 లో గట్టిగా నిందించెను. అతని మాటలో న్యాయమున్నది. అక్కడ వేలమంది తెల్లవారకముందే లేచి పనికి పోయి, అలసి యింటికి వచ్చువారు. వారిని గూర్చి ఎవరు సినిమా తీయుదురు? 2016 లో రియోలోనే జరిగిన ఒలింపిక్ పోటీలలో బ్రెజిలుకు మొదటి బంగారు పతకము తెచ్చిన రాఫేలా సిల్వా ఆ పేటలో పుట్టినదే. వీధిలో కొట్లాడుచున్న పిల్లను తలిదండ్రులు జూడో నేర్పుచోటికి తీసికొనిపోయిరి.

ఇక నా సంగతి. చాల సంవత్సరముల క్రిందట నేనున్న ఒక సంఘములో గంట కొట్టు పిల్లవాడు ఒకడుండెను. తండ్రి లేడు, తల్లి కూలికి పోవును. ఏడవ తరగతితో వాని బడి ఆగిపోయెను. ఒకనాడు పొలములోని మోటారు రాగితీగ దొంగిలించి పట్టుబడెను. వేపచెట్టుకు కట్టి కొట్టిరి. నేను వెళ్లితిని. దెబ్బలు ఆపుమంటిని, అంతవరకు చేసితిని. ఆ సాయంకాలము పెద్దలు కూడి, ఇక వాడు గంట త్రాడు ముట్టకూడదని తీర్మానించినప్పుడు నేను ఏమియు అనలేదు. సంఘములో చీలిక వచ్చునని భయపడితిని. వాడు ఎందుకు బడి మానెనో ఆ రెండేండ్లలో ఒక్కసారియైన నేను అడిగినవాడను కాను. ప్రతి ఆదివారము వాడు కొట్టిన గంటకే నేను ప్రసంగపీఠము ఎక్కుచుంటిని.

నెల తిరుగకముందే వాడు పట్నము పోయెను. ఏ పట్నమో తల్లికిని తెలియదు.

చిత్రము చివర జే పెకెనోను పసిపిల్లల గుంపొకటి చంపును. వీరిలో ఒకనిని ఒకనాడు వాడు చంపించియుండెను. ఇద్దరు పసివారి పాదములమీద తుపాకితో కాల్చి, మరియొక పిల్లవాని చేతికి తుపాకి ఇచ్చి, వీరిలో ఒకనిని ఎన్నుకొని చంపుమనెను. ఆ యేడ్పు నేను మరల వినలేను. బుస్కాపే ఇప్పుడు ఫోటోలు తీయువాడు. జే పెకెనో శవము ఫోటో తీసెను. పోలీసులు వానియొద్ద డబ్బు పుచ్చుకొనుచుండగా కూడ తీసెను. పత్రికకు శవము ఫోటోనే ఇచ్చెను. రెండవది ఇచ్చిన ప్రాణము పోవునని ఎరుగును. నేను వానిని తప్పు పట్టజాలను. చెట్టు క్రింద నాకు ప్రాణభయమైనను లేకుండెను. పసిపిల్లలు ఇక ఎవరెవరిని చంపవలెనో పేర్లు లెక్కపెట్టుకొనుచు, ఆటకు పోవువారివలె సందులో నడిచిపోవుదురు.

మొన్న పని మీద ఆ ఊరు పోయితిని. ఆ తల్లి ఇంకను గుడికి వచ్చుచున్నది, వెనుక చాపమీద కూర్చుండును. ఆరాధన అయిన తరువాత నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, పట్నాలు తిరుగుతుంటారు గదా, మావాడు ఎక్కడైనా కనబడ్డాడా?" అని అడిగెను. లేదమ్మా అంటిని. బయట గంట త్రాడు పట్టుకొని మరియొక పిల్లవాడు నిలిచియుండెను. వాని పేరు అడిగితిని, ఏ తరగతియని అడిగితిని. ఎనిమిదియని చెప్పెను. బడికి పోవుచున్నావా అంటిని. వాడు త్రాడు వైపు చూచుచు ఊరకుండెను. మేమిద్దరము గుడిమెట్లమీద కూర్చుంటిమి.